ఎడమవైపు జుట్టు పెరుగుదల నిలుపుదల

చిలకలంక పురపాలక సంఘంలో వానొస్తే కాలువ రోడ్డెక్కుతుంది, ఎండొస్తే కుళాయి అలుగుతుంది. ఈ రెండింటికీ అలవాటు పడిపోయిన జనం కమిషనర్ చక్రధరరావుగారిని పెద్దగా విసిగించరు. అందుచేత ఆయనకు ఉద్యమాలు నడపడానికి బోలెడంత తీరిక. మొక్కల ఉద్యమం నడిపారు, మేకలు బలిశాయి. చిరునవ్వు ఉద్యమం నడిపారు, సిబ్బంది పొద్దున్నే గుమ్మం దగ్గర వరసగా నిలబడి నవ్వుతుంటే, పని మీద వచ్చినవాళ్ళు తమను చూసే నవ్వుతున్నారనుకుని వెనక్కి వెళ్ళిపోయారు. శివరాత్రి వెళ్ళాక ఆయన రాజధానిలో ఏదో సమావేశానికి వెళ్ళారు. అక్కడ ఇంకో ఊరి కమిషనరెవరో తన ఆఫీసు ఆడవాళ్ళ చేత క్యాన్సర్ రోగులకు జుట్టు దానం చేయించి, వేదిక మీద శాలువా కప్పించుకున్నాడట. పక్కవాడి విస్తట్లో గారెను చూసినట్టు చూశారు చక్రధరరావుగారు ఆ శాలువాను. తిరిగొచ్చిన మర్నాడే చిలకలంకలో 'కేశ సమృద్ధి మహోద్యమం' పుట్టింది.

నియమాలు సులువే. ఆఫీసులో ఆడవాళ్ళందరూ జుట్టు పెంచాలి. వేసవి సెలవుల్లో మంత్రిగారి ఎదుట, ఒకే వేదిక మీద కత్తిరించి ఇవ్వాలి. మగవాళ్ళు నైతిక మద్దతు ఇవ్వాలి. నెలనెలా ప్రతి తలా కొలిచి, పెరుగుదలను గోడమీద ఆకుపచ్చ గీతగా గీసి, దాని ఫొటో రాజధానికి పంపాలి. ఉత్తర్వు బయటికొచ్చిన సాయంత్రమే ఇంటిపన్నుల సెక్షన్లో ఇద్దరు ఎందుకైనా మంచిదని పార్లరుకెళ్ళి, జుట్టు భుజాల దాకా కత్తిరించుకొచ్చేశారు. దాంతో రెండో ఉత్తర్వు వచ్చింది: ఉద్యమ కాలమందు మహిళా సిబ్బంది శిరోజములపై పూర్వానుమతి లేని కత్తెర ప్రయోగము నిషేధించడమైనది.

జనన మరణాల సెక్షన్లో పనిచేసే హైమావతికి ఈ ఉత్తర్వుతో మొదట్లో ఏ పేచీ లేదు. నిజం చెప్పాలంటే ఆ ఆఫీసు మొత్తానికి మనస్ఫూర్తిగా జుట్టు పెంచుతున్నది ఆవిడ ఒక్కతే. ఉద్యమం పుట్టకముందు నుంచే పెంచుతోంది, ఆడపడుచు సత్యవేణి కోసం.

సత్యవేణి ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి టీచరు. క్యాన్సర్ వచ్చింది, వైద్యం అయింది, గండం గడిచింది. జబ్బు పోతూ పోతూ తలమీద వెంట్రుక మిగల్చకుండా పట్టుకుపోయింది. బడి తెరిచేనాటికి పనిలో చేరవచ్చన్నారు డాక్టర్లు. కాని ఆమె గది దాటి వస్తే కదా. పాలబ్బాయి వచ్చినా తలకు తువ్వాలు చుట్టుకుంటుంది. విగ్గు కొంటానంటే ఒప్పుకోలేదు. "ఎవరిదో ఊరూ పేరూ లేని జుట్టు నా నెత్తినెందుకొదినా? నీదైతే మనింటి జుట్టు. అది పెట్టుకుని బళ్ళోకెళ్తాను" అంది. ఆ రోజు నుంచి నూనె పెట్టి, చిక్కు తీసి, చంటిపిల్లను సాకినట్టు జుట్టును సాకుతోంది.

చిక్కల్లా ఒక్కటే. కిందటేడు తలంటుకుని జుట్టు వదిలేసుకుని ఆఫీసుకు వచ్చినప్పుడు, రికార్డు గదిలో ఇనప బీరువా తలుపులో కుడివైపు పాయ ఇరుక్కుపోయింది. బీరువా తాళం సెలవు మీద వెళ్ళిన గుమాస్తా జేబులో ఉంది. అటెండరు గనిరాజు కత్తెర తెచ్చి మనిషిని విడిపించాడు. అప్పట్నుంచి కుడివైపు జుట్టు ఎడమవైపు కంటే బెత్తెడు పొట్టి. సవరాలూ విగ్గులూ కట్టే వెంకాయమ్మకు చూపిస్తే పెదవి విరిచింది. "ఇలా మెట్లు మెట్లుగా ఉంటే కట్టలేనమ్మా. ఇప్పుడే సమం చేయించి పెంచండి, సెలవులయ్యే లోపు పనికొస్తాది" అంది.

ఇంట్లో అత్తగారు మాణిక్యాంబ ససేమిరా అంది. "పెంచే జుట్టుకి కత్తెర తగిలితే అచ్చిరాదే. బెత్తెడు కోసేస్తే ఆ బెత్తెడూ మళ్ళీ ఎప్పటికి రావాలి? పొట్టిదే పొడుగుదాన్ని అందుకుంటుందిలే." పక్కింటావిడేమో కొసలు కత్తిరిస్తేనే గుబురుగా వస్తుందని సొంత జడ పట్టుకొచ్చి చూపించింది. హైమావతి అద్దం ముందు నిలబడి ఒకసారి కత్తిరిద్దామనుకునేది, ఇంకోసారి వద్దనుకునేది. ఇరవై ఏళ్ళుగా పైవాళ్ళ సంతకం లేనిదే కలం కదపని చెయ్యి ఆమెది. సొంత జుట్టైనా సొంతంగా తేల్చుకోవడం చేతకాలేదు. ఉత్తర్వులో 'పూర్వానుమతి' అన్న ముక్క కనపడగానే ప్రాణం లేచొచ్చింది. అనుమతిస్తే కత్తిరించుకోమన్నట్టు, లేకపోతే వద్దన్నట్టు. భారం ఆఫీసు మీద పెట్టేస్తే సరి అనుకుంది. లోకంలో మనుషులు చాలా తప్పులు చేస్తారు గాని, ఇలాంటిది గుమాస్తాలు మాత్రమే చెయ్యగలరు.

మేనేజరు సోమసుందరం ఆమె పెట్టిన దరఖాస్తు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశాడు.

"ఏ జుట్టమ్మా? ఉద్యమానికి ముందు జుట్టా, తరవాత జుట్టా?"

"ఉన్నది ఒకటే జుట్టండి."

"అలా తేల్చెయ్యకండి. ఉత్తర్వు తేదీ నాటికి ఉన్నది మీ స్వంతం. ఆ తరవాత పెరిగింది సర్కారు ప్రోత్సాహం వల్ల పెరిగింది. మీరు తీసేస్తానంటున్న కొసలు ఏ కాలానివి?"

హైమావతి ఆలోచించింది. "కొసలు పాతవేనండి. కొత్తది మొదట్లో వస్తుంది కదండీ."

"చూశారా! సర్కారుది పైన ఉంది, మీది కింద వేలాడుతోంది. మధ్యలో సరిహద్దు రాయి ఉందా? లేదు. సరిహద్దు తేలకుండా కత్తెర ఎలా పెట్టనిస్తాం? పైగా ఇది మరమ్మతో, కూల్చివేతో ముందు నిర్ధారణ కావాలి." ఆయన కాగితం మీద ఎర్ర సిరాతో ఏదో రాసి టౌన్ ప్లానింగుకు పంపాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం ఆ ఆఫీసులో తొలి మెట్టు మాత్రమే.

టౌన్ ప్లానింగ్ అధికారి భాస్కరమూర్తి ఆమెను వెనక్కి తిరగమని, చాలాసేపు పరిశీలించాడు. "ఎడమవైపు బెత్తెడు అదనంగా ముందుకొచ్చింది. స్పష్టమైన అతిక్రమణ. అదనపు భాగం తొలగించాల్సిందే" అన్నాడు.

హైమావతి మొహం వికసించింది. "అదేనండీ నేనడిగేదీనీ. తొలగించుకుంటాను."

"మీ అంతట మీరు తొలగించుకోకూడదమ్మా. మేం నోటీసివ్వాలి. మీరు దానికి స్పందించకూడదు. అప్పుడు మేమొచ్చి తొలగిస్తాం."

"అయితే నోటీసివ్వండి."

"ఎలా ఇస్తాం? మీరు ముందే స్పందిస్తున్నారుగా!"

అక్కడ తెమలక ఫైలు ఇంజనీరు ఫణీంద్ర దగ్గరికెళ్ళింది. ఆయన చేతల మనిషి. హైమావతిని వరండాలో నిలబెట్టి, ఇద్దరు మేస్త్రీల చేత జుట్టు కొసల కింద బద్ద పట్టించి, దానిమీద రసమట్టం పెట్టాడు. దానిలోని గాలిబుడగ కుడికి పారిపోయింది. కుళాయి రావడం లేదని చెప్పడానికి వచ్చిన నలుగురూ ఆ పని మానేసి బుడగను చూడసాగారు. ఇంజనీరు బద్దను కాసేపు అటూ ఇటూ జరిపించి, ఉన్నట్టుండి, "అమ్మా, తల కాస్త కుడికి వంచండి. ఇంకొంచెం. ఆ, అక్కడాపండి!" అని కేకేశాడు. బుడగ నడిమికొచ్చి నిలబడింది.

కమిషనర్‌గారు స్వయంగా వచ్చి బుడగను తిలకించారు. "కత్తెర లేదు, ఖర్చు లేదు, అసమానత లేదు! దీన్ని అంటారు పరిపాలన" అన్నారు. తుది నిర్ణయం వెలువడేదాకా హైమావతి పనివేళల్లో తల కుడివైపుకు వంచి ఉంచవలెనని ఆ సాయంత్రమే ఉత్తర్వు అందింది.

ఆమె వంచింది. ఉద్యోగమాయె, వంచక ఏం చేస్తుంది? చావు సర్టిఫికెట్టుకు వచ్చినవాళ్ళు ఆ వంపు చూసి, తమ దుఃఖం ఈవిడకైనా తెలిసిందని కళ్ళొత్తుకున్నారు. పుట్టిన సర్టిఫికెట్టుకు వచ్చినవాళ్ళు పేరు ఈవిడకు నచ్చలేదు కాబోలనుకుని, ఇంటికెళ్ళి పిల్లాడికి వేరే పేరు ఆలోచించుకొచ్చారు. వారం తిరిగేసరికి మెడ పట్టేసింది. ఇంట్లో అన్నం కూడా పక్కకు వాలే తింటోంది. సత్యవేణి అడిగితే, తలగడ ఎత్తయిందని అబద్ధమాడింది.

ఇక ఓపిక పట్టలేక ఒకరోజు తిన్నగా కమిషనర్‌గారి గదిలోకే వెళ్ళింది. వంచిన తలతోనే గోడు వెళ్ళబోసుకుంది. ఆడపడుచు సంగతి, బడి సంగతి, విగ్గు సంగతి అన్నీ చెప్పింది. "ఇప్పుడు బెత్తెడు తీసేస్తే అప్పటికి సమంగా పెరుగుతుందండి. తియ్యొద్దంటే వద్దనైనా చెప్పండి. ఏదో ఒకటి చెప్పండి బాబూ."

చక్రధరరావుగారు చాలా సానుభూతిగా విన్నారు. విని గోడమీది ఆకుపచ్చ గీత చూపించారు. "ఇదిగో, ఈ చివరనున్నది మీరే. మొత్తం గీతను మీరే ఎత్తి పట్టుకున్నారు. ఇప్పుడు బెత్తెడు తగ్గితే రాజధానికి ఏం రాయమంటారు? చిలకలంక వెనక్కి పెరిగిందనా? తగ్గుదల అనేది విధానపరంగా మన దగ్గర లేదమ్మా. అయినా నేను నిరంకుశుణ్ణి కాను. ప్రజాభిప్రాయం తీసుకుందాం."

పదేళ్ళుగా కాలువ గురించి ప్రజాభిప్రాయం అడగని ఆఫీసు, హైమావతి జుట్టు గురించి షామియానా వేసి అడిగింది. కుర్చీలు వేశారు, మజ్జిగ పోశారు. హైమావతిని జనానికి వీపు పెట్టి స్టూలు మీద కూచోబెట్టారు. ఒక ముసలాయన లేచి తన ఇంటిముందు మురుగు మోకాలి లోతు నిలిచిందని మొదలెడితే, ఇది జుట్టు విచారణ, విషయాంతరం వద్దని కూచోబెట్టారు. రిటైరైన మాస్టారొకాయన కత్తిరించడమే ధర్మమని అరగంట మాట్లాడాడు. ఇంకొకాయన కత్తిరించకపోవడమే సంప్రదాయమని ముప్పావుగంట మాట్లాడాడు. తరవాత ఇద్దరూ కలబడ్డారు. ఇద్దరివీ బట్టతలలే కాబట్టి జుట్టూ జుట్టూ పట్టుకోలేదు, అంతే తేడా. ఎవరూ ముందువైపుకు వచ్చి హైమావతి మొహం చూడలేదు.

విచారణ మీద వేసిన కమిటీలో నెలకు పైగా నలిగాక నిర్ణయం వెలువడింది. కత్తిరింపు వలన ప్రగతి రేఖ దెబ్బతినును. కత్తిరించకుండుట వలన అసమానత కొనసాగును. కావున కుడివైపు కేశములు ఎడమవైపు కేశములను చేరుకొను వరకు, ఎడమవైపు కేశముల పెరుగుదల తక్షణమే నిలుపుదల చేయడమైనది.

నెలాఖరున మళ్ళీ కొలిచారు. ఎడమవైపు పెరిగింది. ఉత్తర్వును ధిక్కరించి ఎడమ కేశములను పెంచినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోకూడదని హైమావతికి మెమో ఇచ్చారు.

ఆమె నిజంగానే సంజాయిషీ రాయడానికి కూచుంది. రాసింది కొట్టేసింది, మళ్ళీ రాసింది. గనిరాజు టీ పెడుతూ తొంగి చూశాడు. "మేడమ్‌గారండి, ఈ మెమో మీకెందుకిచ్చారండి? జుట్టుకివ్వాలి గదండి. ఆయ్, నేనైతే నెత్తిమీద పెట్టుకుని, ముట్టిందని రాసిచ్చేద్దునండి." హైమావతికి నవ్వు రాలేదు. కాగితం మీద కన్నీటి బొట్టు పడి సిరా పాకింది. ఆ రోజు ఆమె ఇంటికెళ్ళాక కూడా మెడ ఎత్తలేదు. అలవాటయిపోయింది.

మెడకు మందు రాస్తూ సత్యవేణి నిలదీసింది. హైమావతి ఇక దాచలేక మొదటినుంచీ చెప్పింది. రసమట్టం దగ్గర సత్యవేణి పకపకా నవ్వింది, జబ్బు పడ్డాక అలా నవ్వడం అదే మొదలు. మెమో దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "నా బోడితలకీ, ఆళ్ళ గీతకీ ముడెట్టి, మధ్యలో నీ మెడ విరిచేత్తన్నారా వదినా?" అంది. మందు సీసా మూత విసురుగా బిగించింది.

మంత్రిగారికి తీరిక లేక ఉత్సవం మూడుసార్లు వాయిదా పడింది. చివరికి బడి తెరవడానికి రెండు రోజుల ముందు పెట్టారు. టౌన్ హాలంతా ఆకుపచ్చ తోరణాలు. వేదిక మీద మహిళా సిబ్బంది జడలు ముందుకు వేసుకుని వరసగా కూచున్నారు. కొసన హైమావతి ఉత్తర్వు ప్రకారం తల వంచి కూచుంది. ఇత్తడి పళ్ళెంలో రిబ్బను కట్టిన కొత్త కత్తెర పెట్టారు. మంత్రిగారు దారిలో ఉన్నారు. ఆయన దారిలో ఉన్నంతసేపూ కమిషనర్‌గారు మైకు ముందున్నారు.

అప్పుడు వెనక తలుపు దగ్గర అలికిడైంది. సత్యవేణి వస్తోంది. తువ్వాలు లేదు, కొంగు కప్పుకోలేదు. బజారు నడిబొడ్డు నుంచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నున్నటి తలతో నడుచుకుంటూ వచ్చింది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఆమె ఎవరి వంకా చూడకుండా వేదిక మెట్లెక్కింది.

మేనేజరు సోమసుందరం అడ్డమొచ్చాడు. ఆయనకు కనపడింది ఒక్కటే, నిషేధం అమల్లో ఉండగా ఒక ఆడమనిషి తలమీద పూర్తి కూల్చివేత.

"ఏ సెక్షనమ్మా మీది? మొత్తం తొలగించడానికి ఎవరిచ్చారు అనుమతి?"

"జబ్బిచ్చిందండి" అంది సత్యవేణి. "కాయితం అడగలేదు."

సోమసుందరం కమిషనర్‌గారి వైపు చూశాడు. చక్రధరరావుగారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఈవిడ మన లబ్ధిదారా, ఉల్లంఘనా? ముందది తేల్చండి" అన్నారు. చెయ్యి సరిగ్గా అడ్డం పడకపోవడంతో ఆ మాట హాలంతా వినపడింది.

సత్యవేణి తన వదిన ఎదుటికెళ్ళి, రెండు చేతులతో ఆమె మొహం పట్టుకుని మెల్లిగా నిటారుగా ఎత్తింది. "మెడెత్తు వదినా. విగ్గు లేకపోతే నేనేం చచ్చిపోను. నువ్విలా వంగి కూచుంటే మటుకు చూళ్ళేను."

హైమావతి ఏడ్చేసింది. ఇన్నాళ్ళు తను ఎవరి కోసం ఎవరిని అడిగిందో తలుచుకుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లేచి పళ్ళెంలోని కత్తెర తీసుకుంది. జుట్టంతా మెడ దగ్గర ఒడిసిపట్టి, రిబ్బను చుట్టి, పొట్టివైపూ పొడుగువైపూ చూడకుండా ఒక్కసారే కత్తిరించేసింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎవరి సంతకమూ లేకుండా ఆమె చేసిన మొదటి పని అది. కత్తిరించిన జుట్టును సత్యవేణి చేతిలో పెట్టింది.

"అది ఉద్యమం ఆస్తి! ఆపండి!" అని అరిచాడు సోమసుందరం. టౌన్ ప్లానింగ్ అధికారి ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు శానిటరీ ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. తల మీద లేని జుట్టును ఆపే అధికారం ఏ విభాగానిదో తేలలేదు. తేలేలోపు వదినా ఆడపడుచూ వీధి చివర రిక్షా ఎక్కేశారు.

ఫొటోగ్రాఫరు మాత్రం కత్తిరించే క్షణాన్ని పట్టుకున్నాడు. కమిషనర్‌గారు ఆ ఫొటో రాజధానికి పంపితే, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సిబ్బందిని తయారుచేసినందుకు ఆయనకు శాలువా వచ్చింది. అదే ఫొటోను సాక్ష్యంగా జతచేసి హైమావతిని సస్పెండ్ చేశారు.

బెత్తెడు తేడా బెత్తెడుగానే ఉన్న జుట్టు చూసి వెంకాయమ్మ తల పట్టుకుంది. పొట్టి పాయలు ఏరి పారెయ్యాలి, మిగిలింది ఒత్తుగా కట్టాలి, ఎంత లేదన్నా నెల పడుతుందంది. రెండు రోజుల్లో బడి. బడి తెరిచిన పొద్దున సత్యవేణి తువ్వాలు చేతిలోకి తీసుకుంది, కాసేపు చూసింది, దండెం మీద ఆరేసి ఉత్త తలతోనే బయల్దేరింది. దారి పొడవునా ఎవరు చూశారో, ఎవరు చూపు తిప్పుకున్నారో ఆమెకు తెలుసు.

ఒకటో తరగతి పిల్లలు ఆమెను చూడగానే గప్‌చుప్ అయిపోయారు. అందరి కళ్ళూ ఆమె తలమీదే. సత్యవేణి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఇంతలో ముందు వరసలో ఒక బుడంకాయ లేచి చేతులు కట్టుకుంది.

"టీచర్‌గారండి, తిరపతి ఎల్లొచ్చారాండి?"

సత్యవేణి అవునన్నట్టు తల ఊపింది.

"మరి లడ్డూ ఏదండి?"

తరగతి అంతా గోలగోలగా చేతులు చాచింది. ఆ సాయంత్రం హైమావతి బూందీ దూసింది, సత్యవేణి లడ్డూలు చుట్టింది. మర్నాడు డబ్బా నిండా పట్టుకెళ్ళి అందరికీ పంచిపెట్టింది.